అట్టాంటియి అడగబాక

నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేని రోజంటూ ఉండదు. పుట్టినరోజులు, పండగ శుభాకాంక్షలు, శ్రద్ధాంజలులు, వాటి మధ్యలో ఓణీల ఫంక్షన్లు. మొన్న బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురుగా నిలువెత్తు బొమ్మ కనిపించింది. పన్నెండు పదమూడేళ్ల పిల్ల. పట్టులంగా, వడ్డాణం, పూలజడ, మొహాన బెరుకు. ఆ పిల్ల పెద్దమనిషైందని ఊరంతటికీ తెలియాలని తండ్రి, మేనమామలు, వాళ్ల స్నేహితులు తమ ఫొటోలతో సహా వేయించిన బోర్డు. తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. బిడ్డ ఎదిగిందని సంబరపడితే తప్పేముంది? కానీ ఒక ప్రశ్న మాత్రం అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు. ఒంట్లో వచ్చిన మార్పును నడిరోడ్డు మీద చాటిన ఇంతమంది పెద్దల్లో, ఆ మార్పు ఏమిటో, ఎందుకొస్తుందో ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఊరందరికీ తెలిసిన సంగతి ఆ పిల్లకు తెలుసా?

ఆ ప్రశ్న నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. మా పక్కింటి పాప ఎనిమిదో తరగతి. తండ్రి బెంగళూరులో పని. వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుకూ పిల్లలు చూడరానివి కనబడకుండా కట్టుబాట్లన్నీ పెట్టించి వెళ్లాడు. ఒకనాటి సాయంత్రం ఆ పాప వచ్చి "అత్తా, నీ ఫోను ఒకసారి ఇస్తావా, మా ఫోన్లో రాలా" అంది. ఏం రాలేదమ్మా అంటే తల దించుకుంది. చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడి చివరికి చెప్పింది. తెల్లబట్ట అవుతోందట. అది రోగమేమోనని భయమట. అమ్మను అడిగితే కోప్పడుతుందని ఫోన్ను అడిగిందట. ఒక వీడియో కనబడింది గానీ నొక్కితే వయసు రుజువు చూపమందట. ఇంకోటి అసలు తెరుచుకోలేదట. ఈ వయసులో అది మామూలేననీ, రంగు మారినా, వాసన వచ్చినా, దురద పెట్టినా మాత్రం నర్సమ్మకు చెప్పాలనీ నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. ఆ పిల్ల మొహంలో ఒక్కసారిగా వచ్చిన వెలుగు చూసి నాకు సంతోషం కంటే దిగులే ఎక్కువైంది. ఇంత చిన్న జవాబు కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో!

ఆ పాప వెళ్లాక, ఏ కట్టుబాట్లూ లేని నా ఫోన్లో అదే సంగతి తెలుగులో వెతికాను. డాక్టర్లు చెప్పిన మంచి వీడియోలు లేకపోలేదు. కానీ వాటిని చేరేలోపు దాటాల్సినవి చాలా ఉన్నాయి. అర్ధనగ్నపు బొమ్మలు తగిలించిన చౌకబారు ముచ్చట్లు, పేరూ ఊరూ లేని వైద్యుల చూర్ణాలు, "డాక్టర్లు దాచిన రహస్యం" అనే రకం మాటలు. తాళం వేసిన ఫోన్లో గోడ, తాళం లేని ఫోన్లో మురుగు. మధ్యలో పదమూడేళ్ల పిల్ల నడవగలిగే దారి ఏది? బురదలోకి దిగాలనుకునేవాడిని ఏ తాళం ఆపగలదు? వాడికి వేరే దార్లు తెలుసు, వేరే స్నేహితులున్నారు. తలుపు మూసి ఉంటే వెనక్కి తిరిగిపోయేది సిగ్గుపడుతూ ఒక్కసారి అడిగిన పిల్లే. రెండోసారి అడగదు. మనం పెట్టిన జల్లెడ తవుడును పోనిచ్చి గింజను ఆపేస్తోందేమో అని నాకు అప్పుడే మొదటిసారి అనిపించింది.

నేను పుట్టి పెరిగింది ఉదయగిరి కొండ కింది పల్లెలో. మెట్ట ప్రాంతం. వర్షం పడితే పంట, లేకపోతే వలస. నా వంతు వచ్చినప్పుడు మేనమామ పచ్చి కొబ్బరి మట్టలు తెచ్చి వసారాలో గుడిసె కట్టాడు. చిమ్మిలి పెట్టారు, ఎండుకొబ్బరీ బెల్లమూ పెట్టారు, హారతి పాటలు పాడారు. ముట్టుకోకూడనివేవో, చూడకూడనివేవో వరసగా చెప్పారు. ఎందుకన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. రాత్రి పక్కన పడుకున్న జేజిని అడిగాను. జేజి నా తల నిమురుతూ "అట్టాంటియి అడగబాకమ్మా" అంది. ఆ గొంతులో కోపం లేదు. ప్రేమే ఉంది, కొంచెం భయం కూడా ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకూ తెలియదేమో అనిపిస్తుంది. ఆమెను కూడా ఎవరో ఒకరు అట్లాగే నిమిరి అట్లాగే నోరు మూయించి ఉంటారు. కాన్పు మీద కాన్పు మోసిన మనిషికి తన ఒళ్లు తనకు తెలియకుండానే జీవితం గడిచిపోయింది. దీన్ని ఏమనాలి? ఎవరి మీద నేరం మోపాలి?

మా తరానికి ఒక చిన్న కిటికీ ఉండేది. విజయవాడ డాక్టరు జి. సమరం గారు వారపత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు రాసిన జవాబులు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడాయన. అచ్చ తెలుగులో, తడబాటు లేకుండా, అడిగినవాణ్ని అవమానించకుండా దశాబ్దాల తరబడి రాశారు. ఆ పేజీని మా ఇళ్లలో బాహాటంగా చదివినవాళ్లు లేరు. మగవాళ్లు టీకొట్టు దగ్గర చదివేవారు, ఆడవాళ్లు మధ్యాహ్నం పూట తలుపు దగ్గరగా వేసుకుని చదివేవారు. నాకు ఇప్పటికీ గుర్తున్నవి జవాబుల కంటే ప్రశ్నలే. ఎంత భయం ఉండేదని వాటిలో! తమకేదో లోపముందని, పాపం చేశామని, ఇక పెళ్లికి పనికిరామని కుమిలిపోయే మనుషులు. ఆయన జవాబుల్లో మళ్లీ మళ్లీ వినబడేది ఒక్కటే, ఇది మామూలే, భయపడకండి అని. ఆ ఓదార్పు కోసం తెలుగునాడు నలుమూలల నుంచీ ఉత్తరాలు వెళ్లేవంటే, ఇళ్లలో ఆ మాట చెప్పే మనిషి లేడనే కదా? పత్రికలో అచ్చైన జవాబుకు ఒక మేలుంది. దాన్ని చదవడానికి వయసు రుజువు చూపనక్కర్లేదు, ఎవరు చదివారో ఎక్కడా నమోదు కాదు. ఇప్పటి ఫోన్లో వెతికిన ప్రతి మాటా మిగిలిపోతుంది. అన్న చూస్తాడు, నాన్న చూస్తాడు అన్న బెదురుతో ఆడపిల్ల చేతికి ఫోను వచ్చినా ప్రశ్న నోటి దాకా రాదు.

మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతికే రెండు సంగతులు ఒకచోట కలిశాయి. కౌమారదశ పాఠం ఆ తరగతి సైన్సు పుస్తకంలో ఉంది. 2022 డిసెంబరు 21 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు ట్యాబులు పంచడం మొదలుపెట్టిందీ ఆ తరగతికే. పాఠాలు తప్ప వేరేవి రాకుండా వాటిలో ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చారు. పిల్లల చేతిలో పెట్టే పరికరానికి కాపలా ఉండాలనడం సబబే. నా బాధ కాపలా గురించి కాదు. పుస్తకంలో ఆ పాఠం వచ్చేసరికి చాలా బళ్లలో వినబడే మాట "ఇది ఇంట్లో చదువుకోండి" అని. మగపిల్లలు ముసిముసి నవ్వులు నవ్వుతారు, ఆడపిల్లలు పుస్తకం మూసేస్తారు. చెప్పాల్సిన మాస్టారు మంచివారే. కానీ ఆయనకు చెప్పినవాళ్లూ లేరు, చెప్పడం నేర్పినవాళ్లూ లేరు. బడి ఇంటికి పంపింది. ఇల్లు అడగొద్దంది. ఫోను వయసెంతంది. ఇన్ని గుమ్మాలు తిరిగి పిల్ల ఎక్కడికి పోవాలి?

బళ్లలో ఈ చదువును ఆపిన కథలో మా ఉదయగిరికి ఒక చోటుందని చాలామందికి తెలియదు. నాకూ ఈ మధ్యదాకా తట్టలేదు. 2005 తర్వాత కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి బళ్లలో కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. ఎయిడ్స్ భయం కమ్ముకుని ఉన్న రోజులు. పుస్తకాల్లోని బొమ్మల మీద పెద్ద దుమారం లేచింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాలు మాకొద్దన్నాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీ ముందుకు వెళ్లింది. ఆ కమిటీ అధ్యక్షుడు ఎం. వెంకయ్యనాయుడు గారు. మా జిల్లా చవటపాలెం బిడ్డ. 1978లోనూ 1983లోనూ మా ఉదయగిరి నుంచే శాసనసభకు వెళ్లిన మనిషి. 2009 మార్చిలో కమిటీ నివేదిక ఇచ్చింది. బళ్లలో లైంగిక విద్య వద్దంది. ఎదిగే వయసులో వచ్చే మార్పుల గురించిన పాఠాలను ప్లస్ టూ జీవశాస్త్రానికి జరపమంది. వాటికి బదులు మహనీయుల జీవితాలు, నైతిక విలువలు నేర్పమంది.

ఆ సిఫారసుల గురించి చదివినప్పుడు నాకు కోపం వస్తుందనుకున్నాను. కోపం కాదు, జేజి గొంతు గుర్తొచ్చింది. ఆ నివేదిక వెనక ఉన్నది పిల్లలు చెడిపోతారేమోనన్న భయమే. ఆ భయం నిజాయితీ గలదే. ఉదయగిరిలో ఏ తల్లిని అడిగినా అదే చెబుతుంది. కానీ ప్లస్ టూ అంటే పదహారు పదిహేడేళ్లు. మార్పు వచ్చేది పన్నెండులో, జవాబు వచ్చేది పదిహేడులో అయితే, మధ్యలో ఐదేళ్లూ ఆ పిల్ల ఎవరి మాట నమ్మాలి? పైగా ఆ పదిహేడేళ్ల దాకా బడిలోనే ఉంటుందన్న హామీ ఏది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశం మొత్తం మీద ఆ రెండో సంఖ్య ఏడుకు కూడా చేరలేదు. వలస పోయే తల్లిదండ్రులు ఎదిగిన పిల్లను ఎక్కడ వదలాలో తెలియక పెళ్లి చేసేయడం మెట్ట పల్లెల్లో నేను కళ్లారా చూసిందే. ఆ పిల్లకు ప్లస్ టూ జీవశాస్త్రం ఎప్పుడొస్తుంది? కడుపులో బిడ్డ పడ్డాక ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పేదే ఆమెకు మొదటి పాఠం. చాలాసార్లు అదే చివరి పాఠం కూడా.

ఆపడం అనేది ఈనాటి ఫోన్లతో పుట్టింది కాదు. నెల్లూరు జిల్లాలో మూలాలున్న పుస్తక ప్రచురణకర్తలు వావిళ్ల వారి కథ మనకు కొత్తది కాదు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరిస్తే, 1910లో మద్రాసులో వావిళ్ల వారు అచ్చువేశారు. ఒక ఆడది శృంగారం రాయడం, ఇంకొక ఆడది దాన్ని వెలికితీయడం ఆనాటి పెద్దలకు మింగుడు పడలేదు. ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల్లో గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ల వారే మళ్లీ వేశారు. ఆ కాలంలో కోర్టులు అశ్లీలాన్ని కొలిచింది 1868 నాటి ఇంగ్లండు తీర్పుతో. ఒక రచన చెడ్డదా మంచిదా తేల్చడానికి అది వేసుకున్న ప్రశ్న, తేలిగ్గా చెడిపోయే మనసున్న పాఠకుడి చేతిలో పడితే ఏమవుతుంది అన్నది. మన సుప్రీంకోర్టు 1964లో ఆ కొలతను ఒప్పుకుని, 2014లో వదిలేసింది. కోర్టు వదిలేసినా మన మనసుల్లోంచి అది పోలేదు. అందరికంటే బలహీనుడైన పాఠకుణ్ని తలుచుకునే అన్నీ మూస్తాం. సరే, ఆ బలహీన పాఠకుడు ఎవరు? ఈ పదమూడేళ్ల పిల్లే కదా! ఎవరిని కాపాడాలని తలుపు వేస్తున్నామో, ఆ జవాబు అందరికంటే ఎక్కువ అవసరమున్నది వాళ్లకే. ఈ చిక్కు దగ్గర నా ఆలోచన చాలా రోజులు ఆగిపోయింది.

నిజానికి మన చట్టం చదువుకు దారి వదిలింది. ఫోన్లలో, కంప్యూటర్లలో అశ్లీలాన్ని శిక్షించే ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద కూడా సైన్సు, సాహిత్యం, కళ, విద్య కోసం ప్రజాహితంగా ప్రచురించినవి నేరం కావు. చట్టం రాసినవాళ్లకు ఆ తేడా తెలుసు. ఆ తేడా తెలియనిది యంత్రానికి, హడావుడిగా సంతకం పెట్టే చేతికి. 2015 జులై 31న కేంద్రం 857 వెబ్‌సైట్లను ఆపమని ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశించింది. ఆ ఉత్తర్వు బయటికి పొక్కాకే జనానికి తెలిసింది. హాస్యం తప్ప ఏమీ లేని సైటు కూడా ఆ జాబితాలో చిక్కింది. గొడవ కావడంతో కొద్ది రోజులకే సడలించారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో మళ్లీ 827 సైట్లు మూతపడ్డాయి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో అదే ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద ఆపితే, ఏది ఎందుకు ఆగిందో చెప్పకుండా గోప్యంగా ఉంచాలని 2009 నిబంధనలే చెబుతున్నాయి. కంపెనీల యంత్రాల సంగతి మరీ అన్యాయం. 2020 అక్టోబరులో బ్రెజిల్లో ఒకరు రొమ్ము క్యాన్సర్ లక్షణాలు ఎలా ఉంటాయో ఫొటోలతో ఇన్‌స్టాగ్రామ్‌లో చెబితే, నగ్నత్వమని యంత్రం దాన్ని తీసేసింది. ఆ కంపెనీ పెట్టుకున్న పర్యవేక్షణ బోర్డు 2021 జనవరిలో అది తప్పని తేల్చింది. యంత్రానికి రొమ్ము ఒక్కటే కనబడింది, రోగం కనబడలేదు. బ్రెజిల్లో పోర్చుగీసులో జరిగిన తప్పుకు విచారణ జరిగింది. మా ప్రాంతపు సీతారాంపురంలోనో వరికుంటపాడులోనో తెలుగులో వెతికిన పిల్లకు తెరుచుకోని వీడియో గురించి విచారించే బోర్డు ఎక్కడుంది?

ఇక్కడ నన్ను నేను ఒక మాట అడగాలి. తలుపులన్నీ బార్లా తెరవమని కోరుతున్నానా? లేదు. ఆడదాన్ని హింసించే దృశ్యాలే సంసారమని నమ్మే మగపిల్లలు తయారవుతున్నారు. ఫొటోలు మార్చి బెదిరించేవాళ్లున్నారు. వాటిని ఆపాలి, చేసినవాళ్లను శిక్షించాలి. పిల్లలపై లైంగిక దుర్మార్గాల బొమ్మలను దాచుకోవడం నేరమేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పులోనే లైంగిక విద్య పిల్లల్ని చెడగొడుతుందన్నది అపోహ అనీ, సమగ్రమైన లైంగిక విద్య గురించి ప్రభుత్వం ఆలోచించాలనీ కూడా చెప్పింది. 2025 అక్టోబరులో అదే కోర్టు ఇంకో కేసులో, ఈ చదువు తొమ్మిదో తరగతి నుంచి కాదు, ఇంకా చిన్న వయసు నుంచే ఉండాలంది. ఆపడం, చెప్పడం ఒకదానికొకటి శత్రువులు కావని దేశపు పెద్ద కోర్టే గ్రహించింది. చెప్పకుండా ఆపితే మాత్రం ఏమవుతుంది? 2012 నుంచి పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం ఉంది. కానీ ఆ చట్టం కదలాలంటే ముందు తనకు జరిగింది తప్పని బిడ్డకు తెలియాలి, దాన్ని చెప్పడానికి నోరు రావాలి. ఒంటి గురించి అడగడమే తప్పని పెంచిన బిడ్డ ఆ ఒంటికి జరిగిన అన్యాయాన్ని ఏ నోటితో చెబుతుంది?

ఇంకొక సంగతి కూడా మరువలేను. అదే ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన మగవాళ్లు నూటికి 49 మంది దాకా ఉంటే, ఆడవాళ్లు 21 మందే. ఇప్పుడు పెరిగే ఉంటారు. అయినా చాలా ఇళ్లలో ఫోను ఇంటిది, దాని మీద పెత్తనం మగవాడిది. కాబట్టి ఢిల్లీలో మూసేది కొంత, కంపెనీ యంత్రం మూసేది కొంత అయితే, ఇంటి గడప లోపల మూసేది అంతకంటే ఎక్కువ. ప్రభుత్వాలతో పోట్లాడడం తేలికేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ప్రేమతో తల నిమిరి నోరు మూయించే చేతితో ఎలా పోట్లాడాలి?

పోట్లాడనక్కర్లేదు. ముందుగా మాట్లాడితే చాలు. దానికి కావలసినవి చాలావరకు మన దగ్గరే ఉన్నాయి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసమే. 2021 అక్టోబరులో స్వేచ్ఛ పథకం పేరుతో ప్రభుత్వ బళ్లలో ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు నెలకు పది శానిటరీ నాప్కిన్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మాట్లాడకూడదన్న సంగతి బడి గడప దాటి లోపలికి వచ్చింది. నాప్కిన్ చేతికిచ్చినవాళ్లు నాలుగు మాటలు కూడా ఇవ్వలేరా? ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది, అంగన్‌వాడీ టీచరుంది, నర్సమ్మ ఉంది. ట్యాబుల్లో వేసిన లెక్కల, సైన్సు పాఠాల పక్కనే ఒంటి గురించిన పాఠాలు, మన డాక్టర్లు మన మాటల్లో చెప్పినవి, వయసుకు తగినవి, ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా పెట్టవచ్చు. అప్పుడు పిల్ల వెతుక్కుంటూ మురుగులోకి వెళ్లక్కర్లేదు, వయసు రుజువు చూపక్కర్లేదు.

అందుకే ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ చేతులు జోడించి చెప్పేది ఒక్కటే. ఆ పాఠాన్ని ఇంటికి పంపకండి. మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ కూర్చోబెట్టి తరగతిలోనే చెప్పండి. మీకు ఇబ్బందిగా ఉంటే పీహెచ్‌సీ నుంచి నర్సమ్మను పిలిపించండి. తల్లులారా, ఫోనుకు తాళం వేసుకోండి, తప్పులేదు. కానీ వేసిన రోజే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోనులో దొరకనిది నన్నడుగు అనండి. ఆపమని ఆదేశాలిచ్చే అధికారులారా, ఏది ఆపుతున్నారో, ఎందుకో జనానికి చెప్పండి, పొరపాటున ఆగిన మంచిని తిరిగి తెరిపించుకునే దారి తెలుగులో కూడా ఉంచండి. జవాబు చెప్పకుండా తలుపు మాత్రమే వేస్తే దాన్ని కాపలా అనరు. బిడ్డను చీకట్లో వదిలేయడం అంటారు.